రెండో పీయూసీ తర్వాత డ్రమ్స్ డిప్లొమానా, బీకామా? సంగీతంతో బతుకుతున్న బెంగళూరు తెలుగువాళ్ళు చెప్పాలి

వైట్‌ఫీల్డ్ అమ్మ | శనివారం, రాత్రి 9:12

మాది అనంతపురం, చాలా ఏళ్ళుగా వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి రెండో పీయూసీ కామర్స్, అంటే మన ఇంటర్ రెండో ఏడాది. ఏడో తరగతి నుంచి డ్రమ్స్ నేర్చుకుంటోంది, ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ రాక్ అండ్ పాప్ పరీక్షల్లో ఆరో గ్రేడ్ పాసైంది. ఇప్పుడు డిగ్రీలో చేరనంటోంది. పాపులర్ మ్యూజిక్‌లో రెండేళ్ళ డిప్లొమా చేసి, బ్యాండ్లలో, స్టూడియోల్లో వాయించి బతుకుతానంటోంది. చెన్నైలో ఒకటి, ఇక్కడ ఒకటి చూశాం. రెండు చోట్లా ఫీజు లక్షల్లోనే.

మా ఆయన "బీకాం చేస్తూ శని ఆదివారాలు వాయించుకో, ఎవరొద్దన్నారు" అంటారు. అది "డ్రమ్స్ శని ఆదివారాల పని కాదు నాన్నా" అంటుంది. నాకు ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అసలు టెన్షన్ అదే.

రాక్, పాప్ వాయించి బతకడానికి కాలేజీ చదువు నిజంగా పనికొస్తుందా? లేక బయట తిరిగి వాయిస్తేనే వచ్చేదా? "పిల్ల ఇష్టం అండీ" అని మాత్రం చెప్పకండి. ఇంట్లో ఆ మాట ఇప్పటికే చాలాసార్లు అయింది.

గులకరాయి | రాత్రి 9:20

రాక్ గిటార్ దిగ్గజం జిమీ హెండ్రిక్స్ ఏ కాలేజీలో డిప్లొమా చేశాడో కాస్త కనుక్కుని చెప్పండి, మనమూ అక్కడే చేర్పిద్దాం.

మల్లేశ్వరం మృదంగం | రాత్రి 10:05

గులకరాయి గారూ, హెండ్రిక్స్ కాలేజీకి వెళ్ళని మాట నిజమే. తన పేరు మీద రికార్డు రాకముందు ఐస్లీ బ్రదర్స్ వెనకా, లిటిల్ రిచర్డ్ వెనకా గిటార్ వాయిస్తూ ఊరూరా తిరిగాడు. ముందు నిలబడ్డవాడు ఏది ఎత్తుకుంటే దానికి వాయించాలి, ఎక్కువ వాయించకూడదు కూడా. మా వాళ్ళు దాన్ని పక్కవాద్యం అంటారు. అంతకన్నా కఠినమైన చదువు నేను చూడలేదు.

నేను మృదంగం నేర్పి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. రాక్ నాకు రాదు. కానీ "చదువు ఫీల్‌ని చంపేస్తుంది" అనే మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు వరసగా నేర్చుకున్నందుకు ఏ విద్వాంసుడి మనోధర్మం, అప్పటికప్పుడు అల్లే కల్పన, చచ్చిపోయిందండీ? ఈ ఊళ్ళోనే టి.ఏ.ఎస్. మణి గారు నడిపిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ వాళ్ళు చార్లీ మారియానో అనే అమెరికన్ జాజ్ శాక్సొఫోన్ విద్వాంసుడితో కలిసి రికార్డులు చేశారు. ఆయనేమీ మన లయ గాల్లోంచి పట్టుకోలేదు, కూర్చుని నేర్చుకున్నాడు. అమ్మా, మీ పిల్లని ఎందులో చేర్చినా సరే, ఒక ఏడాది కొన్నక్కోల్, అంటే తాళం వేస్తూ మృదంగం జతుల్ని నోటితో పలకడం, నేర్పించండి. ఐదు, ఏడు, తొమ్మిది అక్షరాల నడకలు ముందు నోటికొస్తే తర్వాత చేతులకీ కాళ్ళకీ ఎక్కుతాయి.

ఒక్క విషయంలో మాత్రం మా ఏర్పాటు వేరు. చెన్నైలో డిసెంబరు సీజన్‌లో మధ్యాహ్నం కచేరీలు కుర్రవాళ్ళకి ఇస్తారు. చాలాచోట్ల టికెట్టు ఉండదు. కుర్చీలు ఖాళీగా ఉంటాయి, ఉన్నవాళ్ళలో కొందరు క్యాంటీన్ దోసె కోసం వచ్చినవాళ్ళు. అయినా మైకు ముందు కూర్చుని తప్పులు చేయడానికి ఒక చోటు దొరుకుతుంది. రాక్ వాయించే పిల్లలకి ఇలాంటి మధ్యాహ్నాలు ఉన్నాయా? తెలిసినవాళ్ళు చెప్పాలి.

హిందూపురం బాస్ | రాత్రి 11:48

మేష్టారూ, లేవు. ఉన్న ఒకటీ రెండూ తగ్గిపోతున్నాయి. అందుకే ఈ చర్చలో కాలేజీ గురించి కన్నా స్టేజీల గురించి ఎక్కువ మాట్లాడాలని నా అభిప్రాయం.

అక్కా, నేను బాస్ గిటార్ వాయించి కోరమంగళలో ఇంటద్దె కడుతున్నాను. స్టార్ని కాను. నా పనేంటంటే పెళ్ళిళ్ళు, సంగీత్‌లు, కంపెనీల యాన్యువల్ డేలు, సినిమా సింగర్ ఎవరైనా ఊరికొస్తే వాళ్ళ వెనక వాయించడం, అప్పుడప్పుడు రికార్డింగ్, మిగతా రోజుల్లో పిల్లలకి పాఠాలు. మా సొంత బ్యాండ్ సంపాదన ఆటోలకి సరిపోతుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, ఆ నెల పాఠాలే అన్నం పెడతాయి. పాఠాలు చెప్పడం ఓడిపోయినవాళ్ళ పని అనుకుంటారు కొందరు. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ 1996 నుంచి ఉన్న బ్యాండ్, ఈ ఊరి రాక్‌లో పెద్ద పేరు. టాక్‌అకాడమీ అని స్కూలు నడిపేది ఆ బ్యాండ్ వాళ్ళే.

ఆరో గ్రేడ్ తక్కువేం కాదు. అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. కానీ ఆ పరీక్షలో మూడు పాటలు, ఒక సెషన్ స్కిల్స్ టెస్టు ఉంటాయి. ఆ మూడింటి మీద పిల్లలు నెలల తరబడి కూర్చుంటారు. బయట పని అలా రాదు. గురువారం రాత్రి ముప్పై పాటల లిస్టు వాట్సాప్‌లో పడుతుంది, శనివారం షో. డ్రమ్మర్ చెవిలో క్లిక్ పెడతారు, లయ తప్పకుండా టిక్ టిక్‌మని కొట్టే శబ్దం అది. తెర మీద వీడియో, ముందే రికార్డు చేసిన ట్రాకులు అన్నీ ఆ క్లిక్ మీదే నడుస్తాయి కాబట్టి దానికన్నా ముందుకి పరిగెత్తితే పాటంతా చిందరవందర. అలా చేసినవాడిని ఎవరూ తిట్టరు. మళ్ళీ ఫోన్ రాదు, అంతే.

ఇది క్లాసులో రాదు, గదిలో ఒంటరిగా ప్రాక్టీస్ చేసినా రాదు. నలుగురితో వాయిస్తేనే వస్తుంది. ఆ నలుగురితో వాయించే చోట్లు ఏమయ్యాయో చూడండి. పబ్లిక్ ఎంటర్‌టైన్‌మెంట్ లైసెన్సుల మీద 2005 నాటి ఆర్డరు ఒకటుంది. 2018లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పాక పోలీసులు లైసెన్సు లేని పబ్బుల్లో లైవ్ మ్యూజిక్ ఆపించారు. ఇందిరానగర్, చర్చ్ స్ట్రీట్ వైపు వాయించేవాళ్ళకి ఆ ఏడాది చుక్కలు కనిపించాయి. కొత్త బ్యాండ్లకి చోటిచ్చిన హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడింది. ఇప్పుడు ఎక్కువ చోట్ల అడిగేది కవర్లే, అంటే వేరేవాళ్ళ పాటలే, అవీ జనం ఫోన్లో విన్నట్టే ఉండాలి. ఆగస్టు 15కి ఫ్రీడమ్ జామ్, కాలేజీ ఫెస్టులు, అక్కడక్కడ ఓపెన్ మైక్‌లు. మేష్టారు అడిగిన మధ్యాహ్నాలకి దగ్గరగా ఉన్నవి ఇవే.

కాబట్టి ఏ డిప్లొమా అయినా సరే, "రెండేళ్ళలో మా అమ్మాయి ఎన్ని రాత్రులు స్టేజీ ఎక్కుతుంది, ఎవరితో వాయిస్తుంది" అని అడగండి. సిలబస్ తర్వాత చూద్దురుగాని.

డిప్లొమా చేసినవాణ్ణి | ఆదివారం, ఉదయం 8:30

ఇలాంటి డిప్లొమానే నేను చేశాను, గిటార్‌లో. కాలేజీ పేరు చెప్పను, అడక్కండి.

ముందు మంచి చెబుతాను. చార్టు చూసి వాయించడం, పాట ఒకసారి విని కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) రాసుకోవడం అక్కడే వచ్చింది. బాస్ అన్న చెప్పిన ముప్పై పాటల లిస్టు వస్తే సొంతంగా నేర్చుకున్న కుర్రాడు ఒక్కోటి ఇరవై సార్లు వింటూ రెండు రాత్రులు మేలుకుంటాడు. నేను మూడు గంటల్లో ముప్పై పేజీలు రాసుకుని పడుకుంటాను. ఇది చిన్న తేడా కాదన్నా, పని దొరికేదీ పోయేదీ దీంతోనే. రెండోది, మనుషులు. నా బ్యాండ్ డ్రమ్మర్, నాకు మొదటి స్టూడియో పని ఇప్పించినవాడు ఇద్దరూ ఆ క్లాసులో వాళ్ళే.

ఇక చెడు. బ్రోషర్‌లో పెద్ద పెద్ద ఆర్టిస్టుల ఫొటోలు ఉంటాయి. వాళ్ళు ఒక్కపూట వచ్చి, తమ కథ చెప్పి, సెల్ఫీలు దిగి వెళ్తారు. రోజూ పాఠం చెప్పేవాళ్ళు వేరే. వాళ్ళలో మంచివాళ్ళకి షోలుంటాయి కాబట్టి శుక్రవారాలు క్లాసు ఉండదు. "వారానికి ఇన్ని గంటలు స్టూడియో" అని నోటిమాటగా చెప్పారు, చేరాక చూస్తే కాలేజీవాళ్ళ బయటి రికార్డింగులకే సరిపోయింది. సంగీత వ్యాపారం అనే సబ్జెక్టు రెండేళ్ళకీ కలిపి కొన్ని మధ్యాహ్నాలు. ఇన్వాయిస్ ఎలా రాయాలో, అడ్వాన్సు ఎంత అడగాలో, షో రద్దయితే ఏమవుతుందో, టెక్ రైడర్‌లో, అంటే స్టేజీ మీద మనకి కావలసిన సామాను లిస్టులో, ఏముండాలో ఎవరూ చెప్పలేదు. పేరున్న స్కేళ్ళన్నీ వచ్చు నాకు. షో అయ్యాక ఆర్గనైజర్‌ని డబ్బు అడగడం మాత్రం పాస్ అవుట్ అయ్యాక పెద్దవాళ్ళని చూసి నేర్చుకున్నాను.

మొత్తమ్మీద చేర్చొద్దని చెప్పలేను. ఫీజుకి తగ్గ చదువా అంటే అవునని కూడా చెప్పలేను.

ఔటర్ రింగ్ రోడ్ | ఆదివారం, ఉదయం 10:15

డిగ్రీయే చేయించండి మేడమ్. నేను సాఫ్ట్‌వేర్, కీబోర్డు వాయిస్తాను. ఈ ఊళ్ళో పేరు తెచ్చుకున్నవాళ్ళ చరిత్ర చూడండి. అగం బ్యాండ్ వాళ్ళు చాలా కాలం ఉద్యోగాలు చేసుకుంటూనే కర్ణాటక రాగాలని రాక్‌లో వాయించారు. రఘు దీక్షిత్ మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ, గోల్డ్ మెడల్. నేర్చుకున్నది భరతనాట్యం, గిటార్ సొంతంగా పట్టుకున్నాడు. అదే మనిషి 2012లో బ్రిటన్ రాణి వజ్రోత్సవాల్లో పాడాడు. ఏ డిప్లొమా ఇచ్చింది ఇదంతా?

నెల జీతం ఉంటే పనికిమాలిన షోలు ఒప్పుకోనక్కర్లేదు. నచ్చినదే వాయించుకోవచ్చు. జీతం లేనివాడు ఎవడు పిలిస్తే వాడి దగ్గరికి పోవాలి. స్వేచ్ఛ ఎవరికి ఎక్కువ?

హిందూపురం బాస్ | ఆదివారం, ఉదయం 11:02

అన్నా, మీరు చెప్పినవి ముందు నిలబడి పాడేవాళ్ళ కథలు. రాసుకున్న పాట పదేళ్ళ తర్వాత పాడినా చెల్లుతుంది. డ్రమ్మర్‌కి అలా కుదరదు, చేతులు రోజూ పనిలో ఉండాలి. మీరు కీబోర్డుకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అర్ధరాత్రి వాయిస్తారు. మామూలు డ్రమ్ కిట్ అపార్ట్‌మెంట్‌లో రాత్రి వాయించి చూడండి, సెక్యూరిటీ కాదు, అసోసియేషన్ సెక్రటరీయే స్వయంగా వస్తాడు. ఎలక్ట్రానిక్ కిట్ ఉంది కదా అంటారేమో, ప్యాడ్ మీద స్టిక్ లేచే తీరు వేరు, అసలు సింబల్ మీద వేరు. మారతహళ్ళి ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర, జామ్ రూమ్‌కి, అదే బ్యాండ్ ప్రాక్టీస్ గదికి, వెళ్ళేదెప్పుడు?

స్వేచ్ఛ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. మీ బ్యాండ్ చివరిసారి ఎప్పుడు షో చేసింది?

ఔటర్ రింగ్ రోడ్ | ఆదివారం, ఉదయం 11:10

అది వ్యక్తిగతం :)

నిర్వాహకులు | ఆదివారం, మధ్యాహ్నం 12:00

"డ్రమ్స్ ఆడపిల్లల వాద్యం కాదు" అన్న కామెంట్లు తీసేశాం. సలహా రూపంలో వచ్చిన ఒక ఇన్‌స్టిట్యూట్ ప్రకటన కూడా. చర్చ కొనసాగించండి.

చెవులు జాగ్రత్త | ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఆడియాలజిస్టుని. కాలేజీ సంగతి నాకు తెలియదు కానీ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. పనిచేసే చోట ఆరోగ్య భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ మోతలో రోజుకి 8 గంటల వరకు ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్ళకీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ళ దగ్గర పావుగంటే. చిన్న జామ్ రూమ్‌లో గట్టిగా వాయించే డ్రమ్స్ దగ్గర 100 దాటడం మామూలే. ఏడో తరగతి నుంచి వాయిస్తోందంటే ఇప్పటికే ఎన్ని గంటలయ్యాయో మీరే ఆలోచించండి.

వాయించాక చెవిలో గుయ్యిమనే మోత వస్తోందా అని అమ్మాయిని అడగండి. ఒకసారి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష చార్టు) తీయించి దాచుకోండి, ఏటా దాంతో పోల్చి చూడాలి. దెబ్బ మొదట 4000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల తగులుతుంది, మామూలు మాటలు బాగానే వినిపిస్తాయి కాబట్టి చాలాకాలం తెలియదు. పోయిన వినికిడి తిరిగి రాదు. మ్యూజిషియన్ల కోసం చేసే ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, అవి శబ్దాన్ని తగ్గిస్తాయి కానీ దూదిలా మసకబార్చవు. ఏ ఇన్‌స్టిట్యూట్ అయినా డ్రమ్స్ క్లాసులో ఇవి తప్పనిసరి చేసిందా అని అడగండి. చేయకపోతే ఆ టీచర్ చెవుల సంగతి నాకు అనుమానమే.

వడపళని వయొలిన్ | ఆదివారం, సాయంత్రం 4:20

చెన్నై నుంచి రాస్తున్నాను. రాక్ బ్యాండ్ అనగానే బెంగళూరు అంటారు, ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించిన ఊరు కాబట్టి. కానీ పాపులర్ మ్యూజిక్ వాయించి ఇల్లు నడిపినవాళ్ళు ఎక్కువమంది మా వైపే ఉన్నారు, సినిమా స్టూడియోల్లో. మన దక్షిణాది పాప్ కాలేజీ అదే.

రెహమాన్ గారి సంగతే చూడండి. తండ్రి పోయాక చిన్నతనంలోనే కీబోర్డు పట్టుకుని ఇళయరాజా గారి దగ్గర, మన రాజ్-కోటి గార్ల దగ్గర వాయించారు. ఆయనకి బడి అదే. తమన్ డ్రమ్స్‌తో మొదలైన మనిషి. దేవిశ్రీ ప్రసాద్ మాండొలిన్ శ్రీనివాస్ గారి శిష్యుడు. అందరూ పనిలో ఉంటూ నేర్చుకున్నవాళ్ళే. తేడా ఏంటంటే, అప్పుడు పాట రికార్డింగ్ అంటే హాలు నిండా మనుషులు. మూల కూర్చుని సెకండ్ వయొలిన్ వాయిస్తూ ముందు వరసవాళ్ళని చూసి నేర్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ హాలంతా ఒక ల్యాప్‌టాప్‌లో ఉంది. శాంపిల్స్‌తో, ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యాల శబ్దాలతో, పాటంతా అయిపోతుంది, చివర్లో ఒక గిటార్, ఒక ఫ్లూటు నిజమైనవి వేస్తారు. మూల కుర్చీ పోయింది. 2008లో రెహమాన్ గారే చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ పెట్టారు. తాను పనిలో నేర్చుకున్న మనిషి బడి ఎందుకు పెట్టాడంటే, నాకు తోచిన కారణం ఇదే: నేర్చుకునే పనే లేకుండా పోతోంది కనుక.

కాబట్టి గులకరాయి గారి ప్రశ్న పాత కాలానిది. కాలేజీ గొప్పదని కాదు, పాత బడి మూతపడిందని.

ఒక్క మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. సెషన్ వాయిస్తే, అంటే ఇతరుల రికార్డింగ్‌లో వాయిస్తే, సాధారణంగా ఆ రోజు ఇచ్చే డబ్బే, పాట తర్వాత ఎంత ఆడినా మనకేం రాదు. ట్యూన్ కట్టినవాళ్ళకీ, మాట రాసినవాళ్ళకీ మాత్రం 2012 కాపీరైట్ సవరణ తర్వాత రాయల్టీలో వాటా హక్కుగా ఉంది, దాన్ని రాసిచ్చేయడానికి కూడా వీల్లేదు. డ్రమ్మర్ కూడా పాట కట్టడం నేర్చుకోవాలి, కట్టినప్పుడు ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి.

సొంత పాటల పిల్ల | ఆదివారం, రాత్రి 8:55

ఇక్కడ అందరూ "పని దొరుకుతుందా" అనే మాట్లాడుతున్నారు. రాక్ అంటే ఇతరుల పాటలు పెళ్ళిళ్ళలో వాయించడమేనా? నేను తెలుగులో పాటలు రాసి పాడతాను, ఇందిరానగర్‌లో ఉంటాను.

లండన్ క్రోయ్‌డన్‌లో బ్రిట్ స్కూల్ ఉంది, 1991లో మొదలైంది. అడేల్, ఏమీ వైన్‌హౌస్ అక్కడ చదివినవాళ్ళే. కాబట్టి బడిలో పాప్ రాదు అనేవాళ్ళు ఆగండి. కానీ ఆ బడికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, పిల్లలు ఫీజు కట్టరు. అప్పు లేని పిల్ల పద్దెనిమిదేళ్ళకి తోచిందల్లా రాసి చూడగలదు. ఇక్కడ లక్షలు కట్టి చదివిన పిల్ల మొదటి నెల నుంచే ఆ డబ్బు రాబట్టాలి, రాబట్టే దారి పెళ్ళి షో ఒక్కటే. ఎక్కువ ఫీజు కట్టేకొద్దీ కవర్ బ్యాండ్‌లో ఇరుక్కుంటాం. ఇది నేను చుట్టూ చూస్తున్నదే.

రెండోది, ఏం నేర్పుతున్నారు? బ్లూస్ పన్నెండు బార్లు (పన్నెండు ఆవర్తాల వరస), ఫంక్, మోటౌన్, అన్నీ అమెరికన్ బాణీలే. మంచిదే. కానీ రఘు దీక్షిత్ పాడింది శిశునాళ షరీఫ్ కన్నడ తత్వాలు కూడా. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ తెలుగులోనే పాడి జనాన్ని తెచ్చుకుంది. మనకి వేమన లేడా, బ్రహ్మంగారి తత్వాలు లేవా? తెలుగు మాట ఎక్కడ విరిగితే తాళంలో కూర్చుంటుందో ఏ డిప్లొమాలో చెబుతారు? మారతహళ్ళిలో తెలుగు నైట్ అంటే పబ్బు నిండిపోతుంది, వాయించేదంతా సినిమా పాటలే. అక్కడ సొంత పాట ఒక్కటి ఎత్తుకుంటే జనం ఫోన్లు చూసుకుంటారు. అదీ నిజమే, దాచను.

ఆన్‌లైన్‌లో వచ్చే డబ్బు గురించి ఆశలు పెట్టుకోకండి. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి కనీసం 1000 సార్లు వినని పాటకి పైసా లెక్క కట్టరు.

వాణీ జయరాం, జానకమ్మలా పాడేవాళ్ళుగా అమ్మాయిల్ని ఒప్పుకుంటారు కానీ డ్రమ్మర్‌గా అంత తేలిగ్గా ఒప్పుకోరు, వాణ్ణి సిద్ధం చేయండి అక్కా. మా పాత డ్రమ్మర్ అమ్మాయే. సౌండ్ చెక్‌లో ఆమె కిట్ వెనక కూర్చుని ఉంటే సౌండ్ ఇంజినీర్ "మీ డ్రమ్మర్ ఇంకా రాలేదా?" అని నన్నడిగాడు. షో అయ్యేసరికి ఒంటిగంట అవుతుంది. క్యాబ్ డబ్బులు ఫీజులో కాకుండా విడిగా అడగడం మేమిద్దరం అలవాటు చేసుకున్నాం.

వైట్‌ఫీల్డ్ అమ్మ | ఆదివారం, రాత్రి 9:10

"దాన్ని" సిద్ధం చేయండి అనబోయి "వాణ్ణి" అన్నట్టున్నారు :) మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. సౌండ్ ఇంజినీర్ మాటకి నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

మల్లేశ్వరం మృదంగం | ఆదివారం, రాత్రి 9:40

తత్వాల మాట బాగుందమ్మా. కానీ బ్లూస్ పన్నెండు బార్లు నేర్వనిదే దాన్ని విరగ్గొట్టలేవు. పరాయి సంగీతమైనా సరే, ఒక సంప్రదాయం పూర్తిగా పట్టుబడ్డాకే రెండోది అందులో కలుస్తుంది. నువ్వు "సొంతం, సొంతం" అంటున్నదాంట్లో తొందర కనిపిస్తోంది.

సొంత పాటల పిల్ల | ఆదివారం, రాత్రి 9:44

తొందరే మేష్టారూ. పూర్తిగా పట్టుబడేసరికి నలభై వస్తాయి, రాక్‌లో నలభైకి ఎవరూ మొదటి షో ఇవ్వరు.

వైట్‌ఫీల్డ్ అమ్మ | బుధవారం, రాత్రి 10:20

అందరికీ ధన్యవాదాలు. చెవుల పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మా ఆయన ఇప్పుడు "ఇగ్నోలో బీకాం కట్టి, పక్కన డిప్లొమా చేయనీ" అనేదాకా వచ్చారు. అమ్మాయి ఆ మాటకి తల ఊపింది కానీ అకౌంట్స్ పుస్తకం తెరుస్తుందని నాకు నమ్మకం లేదు.

నిన్న ఇక్కడి ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి బాస్ గారు చెప్పినట్టే స్టేజీ గురించి అడిగాను. కౌన్సిలర్ అమ్మాయి కాసేపు బ్రోషర్ తిరగేసి, "మెయిల్‌లో పంపిస్తాం" అంది. ఇవాళ వచ్చింది. నెలకి ఒక పబ్లిక్ షో, వారానికి రెండుసార్లు బ్యాండ్ క్లాసు, చదివే పిల్లలతో కలిపి. స్టూడియో సమయం "అందుబాటును బట్టి". ఇయర్‌ప్లగ్స్ గురించి ఏమీ రాయలేదు. మధ్యలో మానేస్తే మొదటి ఏడాది ఫీజు వెనక్కి ఇవ్వరు, రెండో ఏడాది ఫీజు కూడా ముందే కడితే కొంత తగ్గింపు. ఎలా ఉందంటారు?

ఔటర్ రింగ్ రోడ్ | బుధవారం, రాత్రి 10:31

తగ్గింపు చూసి రెండేళ్ళది ఒకేసారి కట్టకండి.

హిందూపురం బాస్ | బుధవారం, రాత్రి 11:15

నెలకి ఒక షో అంటే బాగానే ఉంది అక్కా, నేననుకున్నదానికన్నా మేలు. కానీ ఆ షో ఎక్కడో అడగండి. వాళ్ళ ఆడిటోరియంలో అమ్మానాన్నల ముందు వాయిస్తే అది స్కూల్ డే. బయట, టికెట్టు కొన్నవాళ్ళ ముందైతే వేరు. క్లాసు పిల్లలతో మాత్రమే కాకుండా తమకన్నా ముందున్నవాళ్ళతో కూడా వాయిస్తారా అని అడగండి. తమ వయసువాళ్ళతోనే రెండేళ్ళు వాయిస్తే అందరికీ ఒకే తప్పు అలవాటవుతుంది.

డిప్లొమా చేసినవాణ్ణి | బుధవారం, రాత్రి 11:32

"అందుబాటును బట్టి" అనే మాట తీయించి వారానికి ఇన్ని గంటలని అంకె వేయించండి. రోజూ క్లాసు చెప్పే డ్రమ్స్ టీచర్ ఎవరో పేరు రాయించండి, ఆయన మానేస్తే ఏం చేస్తారో కూడా. ఆయన వాయించే షో ఒకటి ముందు వెళ్ళి చూడండి. ఈ మూడూ చేయకుండా అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టకండి అక్కా. సీట్లు అయిపోతున్నాయని ఫోన్ చేస్తారు, అవేం అయిపోవు.